సొట్టగంట

"ఈ మేకుకి తగిలించిన గంట ఏదే?"

కొలిమి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఫ్లోరియోస్, గోడకున్న ఖాళీ మేకు వంక చూస్తూ అడిగాడు. దుకాణం గుమ్మంలో కూర్చుని అంజూరాలు దండ గుచ్చుతున్న అనెజీనా తలైనా ఎత్తలేదు.

"అమ్మేశాను. ఎవరో పరదేశి ఆవిడ. కొత్త గంటలు అన్నేసి నిగనిగలాడుతుంటే కన్నెత్తి చూడలేదు, ఆ సొట్టదే కావాలంది. పైగా బేరం కూడా ఆడలేదు."

ఫ్లోరియోస్ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

"నీ అమ్మకం మండిపోనూ! అది అమ్మే గంట కాదే. మన మథ్యోస్‌ది. మేకపోతు మెడలోది. నాలుక వదులైందని మొన్న ఇచ్చి వెళ్ళాడు."

అనెజీనా చేతిలో దండ జారిపోయింది. వేసవి చివరికొచ్చింది. నాలుగు చినుకులు పడితే మథ్యోస్ మందను కొండ మీంచి దించుకోవాలి. ఆ గంట ముందు మోగితేనే వెనక మంద కదులుతుంది, లేదంటే ఏ మేక దారి ఆ మేకదే.

"అలాంటిదే ఇంకొకటి చేసివ్వవయ్యా!"

"మా నాన్న చేసిన గంట అది. రేకు నేనూ కొడతాను, ఆ గొంతు నాకు రాదు. నీకు అమ్మకం పిచ్చి ముదిరిందే. నేను కాసేపు ఇక్కడ కునుకు తీస్తే నన్ను కూడా కాగితంలో చుట్టి ఇచ్చేస్తావు."

"నిన్నా? ఎవరైనా అడగాలి కదా!" అంటూనే అనెజీనా చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

మాటకైతే తగ్గలేదు గానీ, ఓడ కదిలేలోపు ఆవిణ్ణి పట్టుకోవాలని రేవు దారి పట్టింది. మామగారి నాటి నుంచి కొండ మీది కాపరులు తమ గంటలు తెచ్చి ఈ దుకాణంలో వదిలేసి నిశ్చింతగా వెళ్తారు. ఆ నమ్మకం ఇవాళ తన చేతుల మీదుగా పోయేలా ఉంది.

రేవులో కార్లు కూడా ఎక్కే ఓడ అప్పటికే వెనక తలుపును వంతెనలా గట్టు మీదికి దించింది. సెలవులు అయిపోయి ఊళ్ళకు తిరిగిపోయే జనం. ఎటు చూసినా గడ్డి టోపీలే. ఏ టోపీ కింద ఆవిడ ఉందో ఎలా పట్టుకోవడం? అనెజీనా కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ గంటల మధ్యే బతికిన మనిషి. హోరుగాలిలో ఎక్కడో ఒక సంచి కదిలి "టంగ్" మంది. అదే గొంతు!

ఆవిడ ఓడకు వీపు పెట్టి, కొండదారి వైపు చూస్తూ తన పెట్టె మీద కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి.

"తల్లీ, పొరపాటైపోయింది. ఆ గంట మథ్యోస్‌ది," అంది అనెజీనా రొప్పుతూ.

"అవును, మథ్యోస్," అంది ఆవిడ నవ్వుతూ. వచ్చీరాని భాష.

"ఆఁ, మథ్యోసే! వెనక్కి ఇచ్చెయ్యమ్మా."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "మథ్యోస్... వెనక్కి అడిగాడు?"

"అడగకేం! అది లేకపోతే బతకలేనన్నాడు." ఇంత చిన్న అబద్ధానికి మరియ తల్లి ఏమీ అనుకోదులే అనుకుంది అనెజీనా.

ఆవిడ గంటను ఒళ్ళో పెట్టుకుని ఒకసారి నిమిరి, ఇచ్చేసింది. డబ్బు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. పెట్టె లాక్కుంటూ, తల వంచుకుని ఓడ ఎక్కేసింది. పాపం, ఎంత ముచ్చటపడి కొనుక్కుందో అని అనెజీనాకి జాలేసింది.

అంతలో కొండదారి మీద దుమ్ము లేచింది. చెల్లాచెదురుగా మేకలు, వాటిని అదిలించలేక చెమటలు కక్కుతూ మథ్యోస్. భార్య పోయాక ఇస్త్రీ అన్నది ఎరగని మనిషి తెల్ల చొక్కా తొడిగాడు. చెవి మీద ఘుమఘుమలాడే రుద్రజడ రెమ్మ ఒకటి.

"ఇదిగోనయ్యా నీ గంట!" అనెజీనా గర్వంగా చేయి చాపింది. "పొరపాటున ఎవరికో అమ్మేశానులే. వెంటపడి మరీ లాక్కొచ్చాను."

మథ్యోస్ ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేశావు వదినా! ఆవిణ్ణి మీ దుకాణానికి పంపింది నేనే. నాతో కొండ మీదే ఉండిపోవడం ఇష్టమైతే గంట తీసుకుని రేవు దగ్గర ఉండు, మందతో వస్తాను, లేదంటే గంట అక్కడే వదిలేసి ఓడెక్కెయ్ అన్నాను. ఆవిడ జవాబు ఎదురుగా అడగడానికి నోరు రాలేదు."

"ఓరి నీ సిగ్గు సముద్రంలో కలవ! ఆ ముక్క మాకు ముందే చెప్పొద్దూ?"

ఓడ కూత వేసింది. గొలుసులు కదిలాయి. మథ్యోస్ నిలబడ్డ చోటే కొయ్యబారిపోయాడు. ఇక ఇతన్ని నమ్ముకుంటే లాభం లేదని అనెజీనాకి అర్థమైంది. పాత గంటను నెత్తి మీదికెత్తి, గణగణమని ఊపుతూ ఓడలోకి పరుగు తీసింది. చెల్లాచెదురుగా ఉన్న మంద ఒక్కటై ఆమె వెనక ఉరికింది.

"ఆయన అడగలేదమ్మా! నేనే అబద్ధమాడాను! ఆ రేవులో చూడు, రెమ్మ పెట్టుకుని ఎలా నిలబడ్డాడో చూడు!" అని పైకి చూసి అరుస్తోంది. కార్ల మధ్య మేకలు, కార్ల మీద మేకలు. తలుపు ఎత్తడానికి లేదు.

"ఎవరివయ్యా ఈ మేకలు?" పైనుంచి గర్జించాడు కెప్టెన్.

మథ్యోస్ నోరు తెరిచాడు.

పై అంతస్తు కమ్మీల మీంచి ఒక గడ్డి టోపీ కిందికి వంగింది.

"మావే!"