ఇంకో రెండు చెంచాలు

“నాన్న డెబ్బయ్యో పుట్టినరోజమ్మా. ఇరవైమంది భోజనానికొస్తున్నారు. ఈ పూట నువ్వు పొయ్యి దగ్గరికి రాకు,” అంది మిగ్యోంగ్, తల్లి చేతిలోని గరిట లాగుతూ.

ఓక్‌నామ్ గరిట వదల్లేదు. “ఎందుకు రాకూడదు?”

“కొత్త సంవత్సరంనాటి సూపు మర్చిపోయావా? సముద్రం తోడి పోసినట్టుంది. బాబాయి మూడు చెంబుల నీళ్ళు తాగాడు.”

“ఆ తర్వాత ఒక్కసారైనా తప్పిందా? నీ మరదల్నే అడుగు.”

కోడలు సేరిన్ ఉడికిన పాలకూర పిండుతూ తల ఎత్తలేదు. “లేదు వదినా,” అంది.

“దాన్ని అడిగి లాభమేంటి? నోరెత్తదు గానీ ఉప్పుడబ్బా మీద కూడా ‘ఉప్పు’ అని చీటీ అంటిస్తుంది.” మిగ్యోంగ్ నవ్వి చేతులు కట్టుకుంది. “సరే, జాప్‌చే సేమ్యా రుచి నువ్వే చూడు. తేడా వచ్చిందా, రేపట్నుంచి గరిట సేరిన్‌ది. నువ్వు గదిలో కూర్చుని టీవీ చూసుకో.”

చలికాలంలో వచ్చిన జ్వరంతో పాటే ఓక్‌నామ్ నాలుక మీది రుచి పోయింది. తీపీ లేదు, ఉప్పూ లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే సొంత వంటింట్లో చుట్టమైపోతుంది.

క్యారెట్టు, ఉల్లిపాయ, నల్ల పుట్టగొడుగులు, సన్నగా చీరిన గొడ్డుమాంసం. దేనికది విడివిడిగా వేయించి ఆరబెట్టింది సేరిన్. గాజుదారాల్లా మెరుస్తున్న చిలగడదుంప సేమ్యాని పెద్ద బేసిన్‌లో వేసి, సోయాసాసూ నువ్వులనూనే పోసి, అన్నిటినీ చేత్తో కలిపింది. రెండు పోగులు వేలికి చుట్టి అత్తగారి నోట్లో పెట్టింది.

“ఉప్పు చూడండత్తయ్యా.”

నున్నగా ఏదో జారింది. అంతే. మిగ్యోంగ్ కళ్ళార్పకుండా చూస్తోంది. ఓక్‌నామ్ కళ్ళు మూసుకుని, నలభయ్యేళ్ళుగా కలుపుతున్న తన చేతినే అడిగింది.

“ఇంకో రెండు చెంచాల సోయా పడాలి. మన జాడీలోదే వెయ్యి. ఏడాది ఊరింది, చుక్క కూడా పారబొయ్యకు.”

“అలాగే అత్తయ్యా.” సేరిన్ గట్టు వైపు తిరిగింది. గిన్నె అంచుకి చెంచా రెండుసార్లు తగిలిన చప్పుడైంది. మళ్ళీ కలిపింది.

మిగ్యోంగ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది.

“అమ్మా, నా చిన్నప్పటి రుచే! ఏదో వాగాన్లే, ఏమనుకోకు.”

భోజనాల దగ్గర పళ్ళేలు ఊడ్చుకుపోయాయి. ఓక్‌నామ్ బల్లకింద తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. నాలుక వదిలేసినా నువ్వు వదల్లేదు కదే, అనుకుంది. ఎనిమిది నెలలుగా ఒక్కసారీ తప్పనివ్వలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి.

సేరిన్ చుట్టాలను సాగనంపడానికి కిందికి వెళ్ళింది.

“బేసిన్‌లో మిగిలింది నాకు కట్టివ్వమ్మా, రేపు అన్నం మీద వేసుకుంటా,” అంది మిగ్యోంగ్ చెప్పులేసుకుంటూ.

ఖాళీ అయిన డబ్బా ఏదైనా ఉందేమోనని ఓక్‌నామ్ ఫ్రిజ్‌లో వెతికింది. కిమ్చీ పచ్చడి డబ్బాల వెనక ఒక పెద్ద గాజుసీసా చేతికి తగిలింది. ఖాళీ కాదు. మెడదాకా సోయాసాస్. మూత మీద చీటీ, సేరిన్ పొందికైన అక్షరాలు:

‘అత్తయ్య ఇంకో రెండు చెంచాలు వెయ్యమన్నవి. ఫిబ్రవరి నుంచి.’