నాలుగు సెకన్లు

గ్రహశకలం అడ్డొచ్చి నక్షత్రం మాయమయ్యే క్షణం కోసం దీక్షిత బోధన్‌లోని తమ డాబా మీద టెలిస్కోప్‌కు కన్ను ఆనించింది. ఫోన్ ఆమె మాటను, సమయాన్ని కలిపి రికార్డు చేస్తోంది. పక్కనున్న నక్షత్రాల చార్టు మీద చిన్న ఎర్ర లైటు.

అన్న నితీష్ చెరకు గడతో మెట్లెక్కాడు.

"లైటు ఎవనికి సూపెడుతున్నవే?"

మొదటి దెబ్బకు వీపు చిట్లింది. ఆమె కన్ను తీయలేదు. "పోయింది," అంది.

"ఎవడు పోయిండే?"

ఇంకో మూడు దెబ్బలు పడ్డాయి. "వచ్చింది," అంది.

తెల్లారి నితీష్ ఎప్పటిలాగే చెప్పాడు. "నేను ముట్టలే బాపూ. మెట్ల మీద పడ్డది."

దీక్షిత రికార్డింగ్ వినిపించింది. నక్షత్రం కనిపించని నాలుగు సెకన్లలో మూడు దెబ్బలూ వినిపించాయి.

బాపు ఫోన్‌ను ఆమె వైపు జరిపాడు. "గా రికార్డింగు తీసెయ్యి బిడ్డా."

"గీ చుక్కల టైములు జమజేసేటోళ్లకు రాత్రే పంపిన బాపూ. పొద్దుగాల పోలీస్ స్టేషన్‌కు గూడ."