ఎర్రదారం చిలక

వాగులో కొట్టుకుపోతున్న చాపను ఎవరో పరాయి మనిషి కర్రతో ఒడ్డుకు లాగింది.

"ఏయ్! ఎవరే నువ్వు? ముట్టుకోమాక దాన్ని!" గట్టు మీద నుంచి గంగయ్య అరిచాడు.

ఆమె వినిపించుకోలేదు. చాపను ఎండుకంప మీద వేసి అగ్గిపుల్ల గీసింది.

అవి యుద్ధం రోజులు. తొలకరి పడగానే ఆ ఊళ్లో గత్తర దిగింది. వాంతులు, విరేచనాలు. పొద్దున గొడ్లు తోలుకెళ్లిన మనిషి పొద్దుగూకేసరికి ఉండేవాడు కాదు. పోయినవాళ్ల చాపలూ బట్టలూ మూటగట్టి, వేపమండలు కప్పి, పోలేరమ్మకు దణ్ణం పెట్టుకుని వాగులో వదలడం అక్కడి ఆచారం. నీళ్లతోపాటు రోగం కూడా ఊరు దాటిపోతుందని వాళ్ల నమ్మకం. దాటి ఎక్కడికి పోతుందో మాత్రం, చెప్పొద్దూ, ఒక్కరూ ఆలోచించలేదు.

"నీళ్లలో వెయ్యమాకండన్నా. కాల్చెయ్యండి," అందామె.

"చెప్పొచ్చింది పెద్ద! సాగనంపిన దాన్ని మళ్లీ ఊళ్లోకి లాక్కొస్తావా?"

గంగయ్య నాపరాళ్లు కొట్టే మనిషి. గురి తప్పదు. విసిరిన రాయి ఆమె నుదుటికి తగిలింది.

ఆ సాయంత్రమే గంగయ్య కూతురు అంకమ్మకు వాంతులు పట్టుకున్నాయి. లేకలేక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల.

"ఆ పరాయిదే! వాగులోది బయటికి లాగింది, అది సరాసరి నీ కొంపకే వచ్చింది," అంది పక్కింటి పిచ్చమ్మ.

గంగయ్య కోడిని చంకన పెట్టుకుని పోలేరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. పిల్ల లేచి కూర్చుందని కబురు వచ్చేదాకా ఇంటి గడప తొక్కనని మొక్కుకుని అక్కడే ఉండిపోయాడు.

ఇంట్లో పిల్ల కళ్లు లోపలికి పోయాయి. పెదాలు ఎండిపోయాయి.

"నీళ్లు... అమ్మా, నీళ్లు..."

"ఇయ్యమాకే రోశమ్మా! ఇస్తే ఇంకా పోతాయి," అంటూ పిచ్చమ్మ, పిల్లతల్లి చేతిలోని చెంబు లాక్కుంది.

దొడ్డివాకిట్లో నీడ పడింది. నుదుటిమీద నెత్తురు గడ్డకట్టి, ఆ పరాయి మనిషి.

"ఇయ్యమ్మా. గంజి పల్చగా కాచి, ఉప్పేసి, చల్లార్చి గుక్క గుక్క పట్టు. కక్కినా సరే, మళ్లీ పట్టు."

"నీకేం తెలుసే, వాగులో చాపలేరుకునేదానివి!" పిచ్చమ్మ కసిరింది.

"నేను ఇయ్యకుండా కూచున్నాను అత్తా," అందామె.

ఎవరికి ఇవ్వకుండా కూర్చుందో రోశమ్మ అడగలేదు. పొయ్యి రాజేసింది.

పరాయి మనిషి పిల్ల తలను ఒళ్లోకి తీసుకోబోయి ఆగింది. పిల్ల కింద పరిచిన బొంతను చూసింది. పాతచీరల బొంత. మూలమూలకీ ఎర్రదారంతో కుట్టిన చిలక.

"ఇది నువ్వే కుట్టావా అమ్మా?"

"నేనే. ఈ చిలక ఈ చుట్టుపక్కల నాకొక్కదానికే వచ్చు. మా అత్తక్కూడా ఇట్టాంటిదే కుట్టిచ్చా. ఈ గత్తర మొదట్లోనే పోయిందిలే. బొంతని వాగులో వదిలాం."

పరాయి మనిషి తన కొంగుముడి విప్పి, అందులో ఉన్నదేదో చూసుకుంది. మళ్లీ ముడేసింది. ఏ వేరో, తాయెత్తో అనుకుంది రోశమ్మ.

పిల్ల మళ్లీ మూలిగింది.

"గంజి ఇట్టా తే," అంది ఆమె, పిల్ల తలను ఒళ్లోకి తీసుకుని.

పిల్ల తేరుకునేదాకా అక్కడి నుంచి కదల్లేదు. విరేచనాల మీద బూడిద పోసి, వాగుకు దూరంగా గొయ్యి తీసి పూడ్చింది. తాగే నీళ్లు మరగకాచింది. చెయ్యి కడుక్కోకుండా కడవ ముట్టనివ్వలేదు, పిచ్చమ్మనైనా సరే.

"అబ్బో, దొరసాని దిగింది!" అంటూనే పిచ్చమ్మ కడుక్కుంది.

చివరికి అంకమ్మ లేచి కూర్చుని, "అమ్మా, పచ్చడన్నం పెట్టవే," అంది.

కబురు విని గంగయ్య పరుగున వచ్చాడు. "పోలేరమ్మ నా మొర ఆలకించింది!" అని పిల్లను ఎత్తుకున్నాడు. అప్పుడు కనిపించింది మూలనున్న ఆమె.

"నువ్వింకా పోలేదా? నడువ్ బయటికి."

రోశమ్మ నోరు తెరిచింది. వాకిట్లో ఊరంతా నిలబడి ఉంది. మూసుకుంది.

"ఈ బొంతని వాగులో ఉతకమాకమ్మా," అని మాత్రం అని, ఆమె గడప దిగింది.

వానలు వెలిశాయి. గత్తర తగ్గింది. రోశమ్మకు మాత్రం అన్నం సహించలేదు. ఆ పరాయి మనిషికి ఇద్దామని కొత్త బొంత కుట్టింది, నాలుగు మూలలా చిలకలు పెట్టి.

"ఆమె వాగెంట వచ్చింది. వాగెంటే పోయి వెతుకుదాం పద," అంది.

పిల్ల ఎట్టా బతికిందో రోశమ్మ చెప్పాక, గంగయ్య కూడా వెంట నడిచాడు.

దిగువ పాలెంలో సగం ఇళ్లు తడికలు బిగించి ఉన్నాయి. ఒక అరుగు మీద కోటిలింగం అనే ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నుదుట దెబ్బ తగిలిన మనిషి కోసం వచ్చాం పెద్దాయనా," అంది రోశమ్మ.

"పేరేంది?"

రోశమ్మ గంగయ్య వంక చూసింది. గంగయ్య నేల వంక చూశాడు.

"అడగలేదు."

"హనుమాయమ్మ. అదిగో, ఆ ఇల్లే. ఇప్పుడు లేదు. నడికుడిలో రైలెక్కి యాడికో పోయింది. ఎవురున్నారని ఉంటది? పిల్లలిద్దరూ ఒక్కరోజే పోయారు. నీళ్లు నీళ్లని ఏడ్చారయ్యా, మేమే ఇయ్యనియ్యలా. సూదులేసే ఆయన వచ్చి, నీళ్లే పట్టాలని చెప్పేసరికి అంతా అయిపోయింది."

"మీకు... ఎట్టా వచ్చింది?" అన్నాడు గంగయ్య.

"ఎగువ నుంచి బొంత ఒకటి కొట్టుకొచ్చి, మేం తాగే చెలమలో పడింది. చూసుకునేలోపే ఊరంతా ఆ నీళ్లు తాగాం. హనుమాయమ్మ దాని మూల చించి కొంగున కట్టుకుంది. ఇది కుట్టినదాన్ని పట్టుకుని మొకం మీద కొట్టి అడుగుతానని వాగెంట పోయింది. తిరిగొచ్చాక, దొరికిందా అమ్మాయ్ అంటే, 'దొరికింది బాబాయ్. ఆ ఇంట్లో కూడా ఒక పిల్ల ఉంది' అంది. అంతే. ఇంకేం చెప్పలా."

రోశమ్మ చంకలోని కొత్త బొంతను, ఎర్ర చిలకలు లోపలికి పోయేలా మళ్లీ మడిచి, కొంగు కింద దాచుకుంది.