గట్టు మీద కొబ్బరికాయ

"ఆ కాయ మాదండీ!" అన్నాడు బుచ్చిరాజు.

"అయితే తీసుకోండి, చూస్తాను!" అన్నారు గట్టుకి అవతల నుంచి రామభద్రరాజు గారు. సరిహద్దు తగువు తప్ప పదేళ్లుగా వేరే మాటల్లేని బావగారాయన.

బుచ్చిరాజు సగం వంగి, "అమ్మో!" అంటూ ఆగిపోయాడు. నెల కిందటొచ్చిన చికున్‌గున్యా నడుం వదల్లేదు.

కాయ తనే అందుకోబోయిన బావగారూ అలాగే బిగుసుకుపోయారు.

"మీకూనా అండీ?"

"ఆయ్! మోకాళ్లు కూడానండి. మా ఆవిడ నటనంటోంది."

"మా ఇంట్లోనూ అదే మాటండి!"

తన నొప్పిని నమ్మిన మొదటి మనిషిని బుచ్చిరాజు కళ్లప్పగించి చూశాడు. ఇద్దరూ గట్టు మీద చతికిలబడి, పొద్దెక్కేదాకా నొప్పులు చెప్పుకున్నారు. ఒకరి చెయ్యొకరు పట్టుకుని మూలుగుతూ లేచారు.

కాయ కిందే ఉంది.

"కూచున్నప్పుడే తీసుకోవాల్సిందండీ!"

"ఉండనివ్వండి బావగారూ. రేపొచ్చి దెబ్బలాడుకుందాం."