రీలులో పోయిన చరణం

కాలిన రెసిస్టర్లు ఊడదీయాలి. మసి తుడవాలి. మోటారుకు కరెంటు ఎంత ఇవ్వాలో తేల్చాలి. యశోదమ్మ వచ్చేలోగా పాట పలికించాలి.

చర్ల బజారులోని తన రిపేరు షాపులో రాజ్యశ్రీకి ఆ పొద్దున్న పనులివి.

ముందున్నది యశోదమ్మ తెచ్చిచ్చిన పాతకాలపు స్పూల్ టేపురికార్డరు. దాని సర్క్యూట్ బొమ్మ ఎక్కడా దొరకలేదు. కాలిన రెసిస్టర్ల మీద రంగు గీతలు నల్లబడి, విలువ చదవడానికి లేకుండా ఉన్నాయి.

రీలులో ఉన్నది యశోదమ్మ వాళ్ళ గూడెం విత్తనాల పాట. ఎప్పుడో ఒక పంతులు రికార్డు చేసి పెట్టాడు. ఇప్పుడు గూడెంలో అది పూర్తిగా వచ్చినవాళ్ళు లేరు. రేపే విత్తనాల పండుగ. ఇది పలకకపోతే ఈ ఏడు కూడా డీజే పాటలే గతి.

మిషన్‌కు స్పీకర్లు రెండు, సర్క్యూట్లూ రెండు. కాలింది ఎడమది. రాజ్యశ్రీ బాగున్న కుడిదాన్ని కొలిచి, అవే విలువల రెసిస్టర్లు ఎడమదానికి అతికించింది. మోటారు దగ్గర కాలినదానికి మాత్రం జత లేదు. అక్కడ, తిప్పితే విలువ మారే ప్రీసెట్ పెట్టింది.

"బిడ్డా, ఆటో వచ్చేదాక జర నీడకు కూసుంట."

దవాఖానా మందుల సంచితో ఒక అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది.

"కూసో అవ్వా."

స్విచ్ వేసింది. పొగ రాలేదు! రీలు తిరిగింది. కీచుకీచుమంటూ ఒక ఆడగొంతు వచ్చింది.

అవ్వ పడీపడీ నవ్వింది. "గిదేంది, ఉడుత పాడుతున్నదా? జర నెమ్మదిగ తిప్పు."

రాజ్యశ్రీ స్క్రూడ్రైవరుతో ప్రీసెట్ తిప్పింది.

"గిప్పుడు బర్రె అరిసినట్టుంది!" అవ్వ లేచి, విత్తనం చల్లుతున్నట్టు చెయ్యి విసురుతూ అడుగులు వేసింది. "గీ అడుగుకు రావాలె పాట."

ఆ అడుగులు చూస్తూ తిప్పింది రాజ్యశ్రీ. పడుచు గొంతొకటి తేటగా షాపంతా నిండింది.

"పాడే పిల్లకు పొగరు జాస్తి," అంది అవ్వ.

"నీకెట్ల ఎరుక?"

"గొంతుల తెలుస్తలేదా?"

అంతలో టేపు నలిగిన చోట ఒక చరణం గరగరమని మాయమైంది. అవ్వ ఆ చరణం గట్టిగా అందుకుంది.

"ఊకో అవ్వా! గొంతు ఇననియ్యి!"

"ఏ గొంతు?"

"రీలుల గొంతు!"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రాజ్యశ్రీ రీలు వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వేసి చూసింది. ఆ చోటికి రాగానే అవ్వ పాడటం, రాజ్యశ్రీ కసరడం.

ఛత్తీస్‌గఢ్ దిక్కు పోయే ఆటో హారన్ కొట్టింది. అవ్వ సంచి పట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చిన యశోదమ్మ పాట విని రాజ్యశ్రీ బుగ్గలు పుణికింది. "రేపు నువ్వు గూడ రా బిడ్డా. మిషన్ మొరాయిస్తే ఎవరు సూస్తరు?"

మర్నాడు గూడెంలో ఆడవాళ్ళంతా గంపలు పట్టుకుని పాటకు అడుగు కలిపారు. చరణం పోయిన చోట అడుగులు ఆగిపోయాయి.

రాజ్యశ్రీ తనకు తెలియకుండానే అందుకుని పాడింది.

అడుగులు కదిలాయి. కేకలు, ఈలలు. పాట అయ్యాక ముసలివాళ్ళు కూడా మళ్ళీ పెట్టమన్నారు.

"గా చరణం నీకెట్ల వచ్చు?" యశోదమ్మ చెయ్యి గంపలోనే ఆగింది.

"షాపుల ఒక అవ్వ పాడింది. ఛత్తీస్‌గఢ్ దిక్కు ఆటో ఎక్కింది."

"గది, పాట కట్టి రీలుల పాడిన పున్నమ్మకు తప్ప ఎవరికీ రాదు బిడ్డా. పెండ్లయి అవతలికి పోయింది, మళ్ళ కబురే లేదు."

ఈ పాట ఎక్కడ విన్నా పున్నమ్మను మీరూ గుర్తుంచుకోండి. రీలులోని గొంతు వినాలని రాజ్యశ్రీ ఊకోమన్నది ఆ గొంతునే.