ఓ నెగటివ్

"నీవోళ్ళకా? నా నెత్తురు సుక్క గూడ ఇయ్య!"

చంద్రపూర్ ఆస్పత్రి వరండాలో హరికృష్ణ గొంతు ఖంగుమంది. ఎదురుగా వినాయక్, చొక్కా నిండా రక్తపు మరకలతో. మొన్న దసరాకు తుకుం చౌరస్తాలో, నలుగురూ చూస్తుండగా తన చెంప పగలగొట్టిన వినాయక్.

ఓ నెగటివ్ రక్తం దొరకడం కష్టం. హరికృష్ణది అదే గ్రూపు, ఇదివరకు కూడా ఎందరికో ఇచ్చాడు. అందుకే "అర్జెంటు సార్, జల్ది రాండ్రి" అని నర్సు ఫోన్ చేయగానే, ఎవరికని కూడా అడక్కుండా కంచం ముందు నుంచి లేచి బండెక్కాడు. తీరా వస్తే తలుపు దగ్గర వీడు!

"హరన్నా, మన లొల్లి తర్వాత సూస్కుందాం. ఆ పిలగాడు నావోడు గాదు. భద్రావతి రోడ్డు మీద లారీ గుద్దిపోయింది. మొకం గూడ తెలుస్తలేదు. ఎవరో ఏమో, ఎత్తుకొచ్చిన."

"నీవోడు గాకుంటే నీ కండ్లల్ల నీళ్ళెందుకురా?"

"సచ్చిపోతుండన్నా! నీ కాల్మొక్త."

వినాయక్ నిజంగానే వంగాడు. హరికృష్ణ మనసు ఒక్క క్షణం ఊగింది. లోపల ఎవరో కొన ఊపిరితో ఉన్నారు. అంతలోనే దసరా నాటి నవ్వులు చెవుల్లో మోగాయి.

"మొక్కు. మంచిగ మొక్కు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గేటు బయట టీ తాగాడు. ఇన్నాళ్ళకు చెంప మీద మంట చల్లారినట్టుంది. ఇంకో టీ చెప్పాడు. అది సగం కూడా తాగకముందే ఫోన్ మోగింది. ఇందాకటి నర్సే.

"ఏడిదాక వచ్చిండ్రు సార్?"

"వాపస్ పోతున్న. వేరేటోళ్ళను సూస్కోండ్రి."



"ఇగ ఎవ్వరొద్దు సార్. ఇప్పుడే పాణం పోయింది. బండి మీద వస్తరు, తొవ్వల ఆగమైతరని ఇందాక మీకు జెప్పలే. మీ నంబరు ఇచ్చింది ఆ పిలగాడే. ‘మా అన్నది నాది ఒకటే నెత్తురు’ అన్నడు, పేరు జెప్పకముందే సోయి తప్పిండు. మీ తమ్ముని పేరేంది సార్?"