రెండో పూత

"కణతల దగ్గర ఇంకాస్త రంగు పట్టించమ్మా," అన్నాడు నాన్న, మెడచుట్టూ తువ్వాలు కప్పుకుని. ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్లయింది. ఉద్యోగం కోసం ఆయన తొక్కని గడప లేదు.

"రేపెక్కడికి నాన్నా?"

"మీ కంపెనీకే! లేత్ మెషీన్ మీద మనిషి కావాలటగా."

నా చేతిలో బ్రష్ ఆగిపోయింది. పనికోసం వచ్చేవాళ్లను వడపోసేది నేనే. యాభై దాటినవాళ్లను గేటు దగ్గర్నుంచే పంపించెయ్యమని మేనేజర్ ఆర్డరు. కాదంటే నా ఉద్యోగం ఊడుతుంది. ఏం పని వచ్చని కూడా అడక్కుండా పంపించేస్తున్నాను.

"ఇప్పుడు ఎన్నేళ్లవాడిలా కనిపిస్తున్నానే?"

"నలభై... నలభై ఐదు."

"మరి చెయ్యెందుకలా ఆగిపోయింది?" అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "భయపడకు. నేను నీకు నాన్ననని అక్కడెవరికీ చెప్పన్లే."